అన్నం మానేస్తున్న పిల్లలు

పోయిన మిరపకోతల రోజుల్లో ఒకే పూట ఇద్దరు ఆడపిల్లలు నా ఓ.పి. గదిలోకి వచ్చారు.

మొదటి అమ్మాయిది చిలకలూరిపేట వైపు. తండ్రి మిరపకాయల వ్యాపారి. పిల్లకు పధ్నాలుగేళ్ళు, పదో తరగతి చదువుతున్నది. ఆ ఉదయం బడిలో ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తిరిగి పడిపోయింది. మేష్టార్లు ముఖాన నీళ్ళు చల్లి, ఆటోలో ఎక్కించి తీసుకొచ్చారు. వెనకాలే తల్లి ఏడుస్తూ వచ్చింది.

"మూడు నెలలనుంచి ఇదే వరసండీ డాక్టరుగారూ. అన్నం ముందు కూర్చోబెడితే కెలికి లేచిపోతంది. గట్టిగా అడిగితే గదిలోకి పోయి తలుపేసుకుంటంది. ఎవరి దిష్టి తగిలిందో ఏమో!"

తల్లిని కాసేపు వరండాలో కూర్చోమని చెప్పి, నర్సమ్మను పక్కన ఉంచుకుని పిల్లను అడిగాను. మొదట నోరు విప్పలేదు. తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. వేసవిలో పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళి. దానికి లంగా ఓణీ కుట్టించడానికి కొలతలు తీస్తుంటే వరసకు పిన్ని ఒకామె, "దీనికి ఓణీ ఎక్కడ చాలుద్దే, నిండు చీరే కావాలి" అన్నదట. అక్కడున్నవాళ్ళంతా నవ్వారట. ఆమె కూడా నవ్విందట. మర్నాటినుంచి ఉదయం రెండిడ్లీలు తినడం, మధ్యాహ్నం క్యారేజీ స్నేహితురాలికి పెట్టేయడం, రాత్రి నాలుగు కీరా దోసకాయ ముక్కలతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమె ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. నా బల్ల ముందు నిలబడేసరికి 41 కిలోలు. రెండు నెలలుగా బహిష్టు కాలేదు. జుట్టు దువ్వెనకు ఊడి వస్తోంది.

రెండో అమ్మాయికి పదిహేనేళ్ళు. పడమటి ప్రకాశం నుంచి తల్లితో కలిసి కోతలకు వచ్చింది. చేలో కాయ కోస్తూ కోస్తూ కూలబడిపోయింది. బరువు 36 కిలోలు. "ఎంత తిన్నా ఒంటికి పట్టట్లేదయ్యా, ఒళ్ళొచ్చే మందేదన్నా ఇయ్యండి" అన్నది తల్లి. ఎంత తింటున్నదో, ఏమి తింటున్నదో అడిగితే తేలినదేమంటే, పొద్దున సద్ది, మధ్యాహ్నం గొడ్డుకారం కలిపిన మెతుకులు, రాత్రికి చారో పులుసో. పప్పు వారానికి ఒకటి రెండుసార్లు.

ఇద్దరికీ రక్తపరీక్ష రాశాను. మొదటి అమ్మాయికి హిమోగ్లోబిన్ 8.2 గ్రాములు వచ్చింది. రెండో అమ్మాయికి 8.0. ఆ వయసు ఆడపిల్లకు కనీసం 12 గ్రాములు ఉండాలి.

సన్నబడాలన్న మొదటి అమ్మాయిని గురించి రాయబోతూ రెండో అమ్మాయి ఊసెందుకెత్తానని మీరడగవచ్చు. మనం పిల్లల ఆరోగ్యాన్ని కంటితో, బరువుతో కొలుస్తాం. లావుగా కనబడితే బలంగా ఉందనీ, సన్నగా కనబడితే నీరసమనీ, కాస్త బొద్దుగా ఉంటే తిండి తగ్గించాలనీ లెక్కలు వేస్తాం. బరువు యంత్రం ఒంట్లో రక్తమెంత ఉందో చెప్పదు, ఎముకలో సున్నమెంత ఉందో చెప్పదు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ లోపు ఆడపిల్లల్లో నూటికి 60 మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నారని తేలింది. ఈ రెండు లెక్కలూ ఒకే రాష్ట్రానివి, చాలాసార్లు ఒకే ఇంటివి కూడా. లావుగా ఉన్న తల్లి, పాలిపోయిన కూతురు పక్కపక్కన కూర్చుని నాకు రోజూ కనబడతారు. ఒక్కొక్కప్పుడు లావుగా ఉన్న పిల్లకే రక్తం ఉండదు. అటువంటి పిల్ల అన్నం మానేస్తే ఉన్న కాస్తా పోతుంది.

అసలు ఈ వయసులో ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఆడపిల్లలు పది పదకొండేళ్ళనుంచి గబగబా ఎత్తు పెరుగుతారు. పన్నెండో ఏడు ప్రాంతంలో ఆ వేగం అన్నిటికంటే ఎక్కువ. రజస్వల అయిన తర్వాత ఎత్తు నెమ్మదిస్తుంది. ఆ పైన చాలామంది అయిదారు సెంటీమీటర్ల కంటే ఎక్కువ పెరగరు. అదే సమయంలో తుంటిమీద, తొడలమీద, రొమ్ములలో కొవ్వు చేరుతుంది. ఇది జబ్బు కాదు, తిండిపోతుతనం అంతకంటే కాదు. నెలనెలా బహిష్టు సక్రమంగా రావడానికీ, రేపు బిడ్డను మోయడానికీ శరీరం చేసుకునే ఏర్పాటు. మగపిల్లల్లో ఇదంతా ఓ రెండేళ్ళు ఆలస్యంగా మొదలవుతుంది. వాళ్ళకు కొవ్వుకు బదులు కండ ఎక్కువ పెరుగుతుంది. అందుచేతనే ఏడో తరగతిలో అక్క తమ్ముడికంటే ఒక తలకాయ ఎత్తు, పదో తరగతికి వచ్చేసరికి తమ్ముడే అక్క నెత్తిమీద మొట్టికాయ వేస్తాడు. జీవితాంతం ఉపయోగపడే ఎముకల గట్టిదనంలో అధికభాగం ఈ ఏడెనిమిదేళ్ళలోనే పోగవుతుంది. అప్పుడు చేరని సున్నాన్ని నలభయ్యో ఏట మాత్రలు మింగి పూర్తిగా తెచ్చుకోలేం.

ఈ పెరుగుదలకు పెట్టుబడి కావాలి గదా! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు సుమారు 2,400 క్యాలరీల ఆహారం కావాలి. ఇనుము 30 మిల్లీగ్రాములు కావాలి. అదే వయసు మగపిల్లవాడికి ఇనుము 22 చాలు. అంటే ఇంట్లో అబ్బాయికంటే అమ్మాయికే ఆకుకూర, పప్పు, గుడ్డు ఎక్కువ పెట్టాలన్నమాట. మన ఇళ్ళలో జరిగేదేమిటో నేను చెప్పనక్కర్లేదు.

మా మొదటి అమ్మాయి తిన్నది నా అంచనాలో రోజుకు ఆరువందల క్యాలరీలు కూడా ఉండదు. దీన్ని పోల్చడానికి ఒక సంగతి చెబుతాను. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులమీద ఒక పరిశోధన చేశాడు. వాళ్ళంతా ఇష్టపడి వచ్చినవాళ్ళే. ఆరు నెలలపాటు వాళ్ళకు రోజుకు దాదాపు 1,570 క్యాలరీల ఆహారం మాత్రమే ఇచ్చారు. వాళ్ళ బరువు సుమారు నాలుగోవంతు తగ్గింది. అయితే తగ్గినది బరువొక్కటే కాదు. ఎండలో కూడా చలి వేసేది. గుండె నెమ్మదిగా కొట్టుకునేది. చీటికీ మాటికీ కోపం, దిగులు. ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదువుకునేవారు! తిరిగి కడుపునిండా పెట్టిన తర్వాత కూడా చాలామందికి ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. వాళ్ళు పెద్దవాళ్ళు, ఎదుగుదల అయిపోయినవాళ్ళు. మన పిల్ల వాళ్ళు తిన్నదానిలో సగం కూడా తినకుండా, ఎదుగుతూ, బడికి వెళుతూ, ట్యూషన్లు చదువుతున్నది. "మా అమ్మాయి ఈమధ్య ఊరికే విసుక్కుంటున్నదండీ, చదివింది గుర్తుండటం లేదంటున్నది" అని చెప్పే తల్లులు, ముందు అమ్మాయి ఏం తింటున్నదో చూడండి.

పస్తులుంటే మొదటి వారంలో రెండు కిలోలు తగ్గినమాట నిజమే. అందులో అధికభాగం నీరు. కాలేయంలోనూ కండల్లోనూ నిలవున్న పిండిపదార్థం ఖర్చవుతూ, దానితోపాటు ఉన్న నీటిని బయటకు పంపుతుంది. తర్వాత కొవ్వుతోబాటు కండ కూడా కరుగుతుంది. తిండి తక్కువగా వస్తున్నదని గ్రహించి శరీరం పొదుపు మొదలుపెడుతుంది. కరువుకాలంలో రైతు గాదె తాళం వేసుకున్నట్లు ప్రతి క్యాలరీనీ దాచుకుంటుంది. పెళ్ళి అయిపోయి, పస్తులు మానేసి మళ్ళీ మామూలుగా తినగానే పోయిన కిలోలు తిరిగివస్తాయి, తరచు ఇంకో రెండు కలుపుకొని మరీ వస్తాయి. పస్తులవల్ల లావైన పిల్లలను నేను చాలామందిని చూశాను.

ఇక చిట్కాలు. పరగడుపున తేనె, నిమ్మరసం కలిపిన వేడినీళ్ళు కొవ్వును కరిగించవు. తేనె కూడా చక్కెరే. యాపిల్ వెనిగర్ రోజూ తాగితే పళ్ళమీది పింగాణి అరుగుతుంది. 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణగారి పద్ధతి మన జిల్లాల్లో ఊరూరా పాకింది. అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు పట్టిన ఇళ్ళు కోకొల్లలు. పెద్దవాళ్ళ సంగతి వేరే మాట్లాడుకుందాం. తల్లిదండ్రులు మొదలుపెట్టారు గదా అని అదే వంట పన్నెండేళ్ళ పిల్లకు పెట్టడం మాత్రం తగదు. మందులకు లొంగని మూర్ఛరోగం ఉన్న కొందరు పిల్లలకు అటువంటి కొవ్వు ఆహారం ఇస్తారు, అయితే అది నిపుణుల పర్యవేక్షణలో, పరీక్షలు చేయిస్తూ ఇచ్చే వైద్యం. థైరాయిడ్ జబ్బు లేకుండా బరువు తగ్గడానికి థైరాయిడ్ మాత్రలు మింగితే గుండెదడ, చేతుల వణుకు వస్తాయి. 2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి. "మా పాపకు వేయించవచ్చా?" అని అడిగే తండ్రులు అప్పుడే మొదలయ్యారు. అవి మధుమేహానికీ, ప్రమాదకరమైన స్థూలకాయానికీ నిపుణులు పరీక్షించి రాసే మందులు, ఓణీ ఫంక్షనుకోసం వేయించుకునేవి కావు.

మగపిల్లల భయం దీనికి తలకిందులు. సన్నగా ఉన్నవాణ్ణి "పుల్ల" అనీ "గాలొస్తే ఎగిరిపోతావురా" అనీ ఏడిపిస్తారు. వాడు మందుల షాపుకు వెళ్ళి "ఒళ్ళొచ్చే బిళ్ళలు" అడుగుతాడు. ఇలా చేతికి వచ్చేవాటిలో ఒకటి సైప్రోహెప్టడిన్. అది ఎలర్జీ మందు, ఆకలి పెంచుతుంది, క్లాసులో నిద్ర తెప్పిస్తుంది, మానగానే బరువు పోతుంది. రెండోది, దీన్ని గురించి గట్టిగానే చెబుతున్నాను, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్. ఇది ప్రాణాలు నిలబెట్టే మందే, కాని బుగ్గలు రావడానికి వాడేది కాదు. నెలరోజుల్లో ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఇంట్లో వాళ్ళు "కళ వచ్చింది" అని మురిసిపోతారు. అది కండ కాదు. ఎముకలు బలహీనపడతాయి, ఎత్తు పెరగడం కుంటుపడుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు. మీ అబ్బాయి ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు మాన్పించకండి, ఆ బిళ్ళల అట్ట తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరకు రండి. ఇక కండలకోసం వేలు పోసి కొనే ప్రోటీను డబ్బాల సంగతంటారా, ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులున్నాయి. మిగిలిన లెక్క మీరే వేసుకోండి.

అయితే డాక్టరుగారూ, నిజంగానే బరువు ఎక్కువున్న పిల్లల మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అటువంటి పిల్లలు ఏటేటా ఎక్కువవుతున్నారు. గుంటూరు, ఒంగోలు పట్టణాల్లో ఇంటర్ హాస్టళ్ళకు పంపిన పిల్లలు ఏడాది తిరిగేసరికి ఎనిమిది, పది కిలోలు పెరిగి ఇంటికి రావడం నేను చూస్తూనే ఉన్నాను. తెల్లవారుజామున అయిదింటికి లేచి రాత్రి పదింటిదాకా బెంచీ మీద కూర్చునేవాడికి ఇంకేమి జరుగుతుంది? ఆట స్థలం ఉండదు. నిద్ర చాలదు, నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుందని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నదే. ఆదివారం అమ్మా నాన్నా వచ్చి, "పాపం, బిడ్డ అక్కడేం తింటున్నాడో" అని సున్నుండలు, జంతికలు, బిస్కెట్ ప్యాకెట్లు పెట్టెలో సర్ది వెళతారు. తొమ్మిది నెలలు మనమే లావుచేసి, పదోనెలలో వాణ్ణి "పీపా" అంటాం.

పిల్ల బరువు ఎక్కువో కాదో అద్దం చెప్పదు, పిన్ని చెప్పదు, ఫోనులోని లెక్క కూడా చెప్పదు. ఫోను చెప్పే బి.ఎం.ఐ. హద్దులు పెద్దవాళ్ళకోసం. 5 నుంచి 18 ఏళ్ళవారికి భారత శిశువైద్యుల సంఘం 2015లో తయారుచేసిన పట్టికలు వేరే ఉన్నాయి. వయసును, ఎత్తును, ఆడపిల్లో మగపిల్లవాడో కూడా చూసుకుని ఆ పట్టికలో గుర్తు పెట్టాలి. పిల్లల డాక్టరు దగ్గర ఇది రెండు నిమిషాల పని. మా మొదటి అమ్మాయి 48 కిలోలున్నప్పటి గుర్తు పెట్టి చూపించాను. లావు గీతకు కిందనే ఉంది. ఆమె ఎన్నడూ లావు కాదు.

ఒక గుర్తు మాత్రం ఇంట్లోనే చూడవచ్చు. బరువైన పిల్లకు మెడ వెనుక, చంకల్లో నల్లగా, మందంగా పట్టీ కట్టినట్లు కనబడితే అది మురికి కాదు. తల్లులు శనగపిండితో, పీచుతో రుద్ది రుద్ది పిల్లను ఏడిపిస్తారు, అది పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని తెలిపే గుర్తు అది. దానితోబాటు బహిష్టు రెండు మూడు నెలలకొకసారి రావడం, గడ్డంమీద వెంట్రుకలు ఉంటే స్త్రీల వైద్యురాలికి చూపించి తీరాలి.

ఎదుగుతున్న పిల్లకు బరువు తగ్గించనక్కర్లేదు, చాలాసార్లు పెరగకుండా ఆపితే చాలు. ఎత్తు పెరిగేకొద్దీ ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది. అందుకు అన్నం మాన్పించకండి. అన్నం పక్కన ఉండవలసినవి లేకపోవడమే మన పళ్ళెంలో లోపం. కారం దట్టించిన పచ్చడీ, నెయ్యీ ఉంటే మన జిల్లాలవాళ్ళకు అన్నం కొండలా దిగిపోతుంది, కూరా పప్పూ అవసరమే ఉండదు. పచ్చడి మానమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. మొదటి రెండు ముద్దలకు పచ్చడి, మిగిలిన అన్నానికి పప్పు, దాని పక్కన అన్నమంత కూర పెట్టండి. వారంలో మూడు నాలుగు పూటలు సజ్జరొట్టో జొన్నరొట్టో చేయండి. ప్రకాశం జిల్లా పెద్దలు తిని బతికిన తిండే అది, సజ్జల్లో పాలిష్ బియ్యంలో కంటే ఇనుము ఎన్నో రెట్లు ఎక్కువ. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉంది. 2023లో ప్రభుత్వ బడుల్లో రాగిజావ మొదలుపెట్టినప్పుడు ముఖం చిట్లించిన పిల్లలే తర్వాత గ్లాసు ఖాళీ చేశారు. కూల్ డ్రింకు చిన్న సీసాలో అయిదారు చెంచాల చక్కెర ఉంటుంది, దాన్ని ఇంటికి తేవడం మానండి. పిల్లవాడొక్కడికే కాదు, ఇంటికే తేకండి. నాన్న తాగుతూ అబ్బాయిని వద్దంటే జరిగే పని కాదు. సాయంత్రం బజ్జీల బండి వారానికి ఒకసారి చాలు. రోజుకు ఒక గంట ఒళ్ళు కదలాలి. సైకిలు, కబడ్డీ, షటిల్, ఏదైనా సరే. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే సైకిలు మూలన పెట్టించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఆ సైకిలు కిందికి దించండి.

రక్తహీనత ఉన్నవారికి ఆహారమొక్కటే చాలదు. బడుల్లోనూ, బడి మానేసిన ఆడపిల్లలకు అంగన్‌వాడీల్లోనూ వారానికొక నీలం రంగు ఇనుము మాత్ర ఉచితంగా ఇస్తారు. అది రక్తహీనత రాకుండా వేసుకునేది. వచ్చిన తర్వాత రోజూ వేసుకోవాలి, నెలల తరబడి వేసుకోవాలి. ఎన్ని అనేది డాక్టరు చెబుతారు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటపడుతుంది. కాఫీ, టీలతో వేసుకుంటే దండగ. విరేచనం నల్లగా అవుతుంది, భయపడవద్దు. నులిపురుగుల మందు కూడా మరవకండి.

ఏ పిల్ల విషయంలో ఆలస్యం చేయకూడదో చెబుతాను. తినగానే స్నానాల గదిలోకి వెళ్ళి గొంతులో వేలు పెట్టుకుని కక్కుకోవడం, అందరితో కలిసి తినడానికి తప్పించుకోవడం, రోజుకు నాలుగైదుసార్లు బరువు చూసుకోవడం, బక్కచిక్కిపోయినా ఇంకా లావుగానే ఉన్నాననడం, మూడు నెలలు వరుసగా బహిష్టు ఆగిపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం. ఇది మొండితనం కాదు, మనసుకు సంబంధించిన జబ్బు. ముదిరితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. మానసిక వైద్యుడికి చూపించడంలో నామోషీ ఏమీ లేదు. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల్లో ఆ విభాగం ఉంది.

ఇక మాటల సంగతి. "నేనేదో సరదాకన్నాను" అని ఆ పిన్నిగారు కూడా అని ఉంటారు. ఇంట్లోవాళ్ళు బరువు గురించి ఎగతాళి చేసిన పిల్లలు తర్వాత సన్నబడటం లేదనీ, దొంగచాటు తిండికో పస్తులకో అలవాటుపడి తరచు మరింత లావవుతున్నారనీ పలుదేశాల పరిశీలనల్లో బయటపడింది. మీ అమ్మాయి ఎదుట ఇతరుల ఒంటి గురించి కూడా మాట్లాడకండి. చుట్టాలెవరైనా మాట్లాడితే, పెద్దవాళ్ళు గదా అని ఊరుకోకుండా, అక్కడికక్కడే మీరు అడ్డుపడండి. ఆ పూట ఆ చుట్టం ముఖం ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి.

మొదటి అమ్మాయిని ఆసుపత్రిలో నాలుగురోజులు ఉంచాం. తిండి ఒక్కసారిగా పెంచకుండా మెల్లమెల్లగా పెంచాం. తర్వాత పదిహేను రోజులకొకసారి తల్లీ కూతుళ్ళు వచ్చేవారు. తండ్రి ఒకే ఒక్కసారి వచ్చి, "రోజూ రాత్రి నేనూ దానితోనే కూర్చుని తింటున్నానండీ" అని చెప్పి వెళ్ళాడు. నాలుగో నెలకు రక్తం 11 గ్రాములు దాటింది. పెళ్ళికి లంగా ఓణీయే కట్టుకున్నానని ఆమె చెప్పింది. బరువెంతుందో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండో అమ్మాయికి నెలకు సరిపడా మాత్రలిచ్చి, ఊరికి వెళ్ళాక అక్కడి ఆరోగ్య కేంద్రంలో చూపించమని చీటీ రాసిచ్చాను. పదిహేను రోజులకు రమ్మన్నాను. కోతలు అయిపోయి ముఠా వెళ్ళిపోయింది. తిరిగి రాలేదు. ఈసారి కోతలకు మళ్ళీ వస్తారేమోనని ఆ చీటీ నకలు నా బల్ల సొరుగులోనే ఉంచాను.